లోగా

ఆ ఉత్తరం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, అనివార్య కారణముల వలన పనులు నిర్ణీత గడువులోగా పూర్తి కానందున..." అని మొదలవుతుంది. ఇంగ్లీషులో ఒక కాపీ పై ఆఫీసుకి, తెలుగులో ఒక కాపీ కౌన్సిల్ అజెండాకి. ఒకే పనికి రెండేళ్ళలో నాలుగుసార్లు రాశాను. మొదటిసారి రాయడానికి ఒక రోజంతా పట్టింది. నాలుగోసారికి పది నిమిషాలు. పాత ఫైలు తెరిచి, తేదీ మార్చి, కారణం మార్చి, ప్రింటు తీసేవాణ్ణి.

నేను చదివింది సివిల్ ఇంజినీరింగ్. 2017లో విజయవాడలో ఒక కన్సల్టెన్సీలో చేరాను. గోదావరి జిల్లాల్లో ఒక పట్టణానికి చెత్త శుద్ధి కేంద్రం కట్టే పని మాకు వచ్చింది. కట్టేది కాంట్రాక్టరు, పర్యవేక్షణ మాది. కాగితం మీద అది చాలా బాగుండేది. ఒక పక్క తడి చెత్తని ఎరువు చేసే గచ్చు, ఇంకో పక్క పొడి చెత్త ఏరే షెడ్డు, గేటు దగ్గర లారీలు తూచే కాటా, చెత్తలోంచి దిగే నల్లటి నీళ్ళు నేలలోకి ఇంకకుండా పట్టా పరిచిన గుంట, చుట్టూ మూడు వరసల చెట్లు. డ్రాయింగులో ఆ చెట్లకి ఆకుపచ్చ రంగు వేసింది నేనే. గడువు పద్దెనిమిది నెలలు.

2021లో నేను ఉద్యోగం మానేసే నాటికి అక్కడ ఉన్నవి ప్రహరీ గోడ, కాటా, వాచ్‌మన్ గది. కేంద్రం రాకపోయినా స్థలం దొరికింది కదా అని మున్సిపల్ లారీలు మాత్రం ఆ గోడ లోపలికే తెచ్చి పోసేవి. కాటాకి కరెంటు కనెక్షన్ లేదు కాబట్టి ఎంత పోశారో ఎవరికీ తెలీదు.

నాలుగు ఉత్తరాల్లో నాలుగు కారణాలు రాశాం. 2018 డిసెంబరులో, స్థలం అప్పగింత ఆలస్యమైంది, స్థానికుల అభ్యంతరాలున్నాయి అని. 2019లో ఇసుక కొరత. 2020 జూన్‌లో కోవిడ్. ఆ ఏడాది చివర్లో, భారీ వర్షాలు. ఇవేవీ అబద్ధాలు కావు. 2019లో ఇసుక నిజంగానే దొరకలేదు, తాపీ మేస్త్రీలు పని లేక ధర్నాలు చేసిన సంవత్సరం అది. కోవిడ్ అప్పుడైతే కేంద్ర ప్రభుత్వమే తన సంస్థల కాంట్రాక్టర్లకి ఆరు నెలల దాకా గడువు పెంచుతామని ప్రకటించింది. స్థానికుల అభ్యంతరమూ నిజమే. సైటు పక్క ఊళ్ళో పెట్టిన మీటింగులో ఒక పెద్దాయన లేచి, "మీ టౌనోళ్ళు తిని పారేసింది మా ఊళ్ళో ఎందుకు పొయ్యాలయ్యా?" అని అడిగాడు. మా సార్ ప్రొజెక్టర్ ఆన్ చేసి నా ఆకుపచ్చ చెట్లు చూపించారు.

ప్రతి కారణమూ నిజం. నాలుగూ ఒకే ఫైల్లో వరసగా పెట్టి చదివితే మాత్రం ఎక్కడో అబద్ధం చదువుతున్నట్టు ఉండేది. ఎక్కడుందో నాకు చాలాకాలం దొరకలేదు.

ఉత్తరంతో పాటు ఒక పట్టిక జత చేసేవాళ్ళం. అందులో చివరి కాలమ్ పేరు "గడువు పొడిగింపు వలన కలుగు అదనపు భారం". దాని కింద "లేదు" అని రాసేవాళ్ళం. ధరలు పెంచమని కాంట్రాక్టరు అడగట్లేదు కాబట్టి భారం లేదు. అది రాయకపోతే ఫైలు కదలదు. నాలుగుసార్లూ రాశాను: లేదు, లేదు, లేదు, లేదు.

*

మా ఫైలు చిన్నదని, దేశం మొత్తం ఇదే ఉత్తరం పాతికేళ్ళుగా రాసుకుంటూ వస్తోందని తర్వాత చదివితే తెలిసింది.

1996లో అల్మిత్రా పటేల్ అనే ఆవిడ ఊళ్ళ చెత్త గురించి సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ కేసు పుణ్యమా అని 2000 సెప్టెంబరులో మొదటిసారి పట్టణాల ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. అందులో మున్సిపాలిటీలన్నీ చెత్త శుద్ధి చేసే ఏర్పాట్లు 2003 డిసెంబరు 31లోగా పూర్తి చెయ్యాలని ఉంది. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ రాత్రి మా ఊళ్ళో రోడ్డు మీద సున్నంతో "హ్యాపీ న్యూ ఇయర్ 2004" అని రాయడానికి పెద్ద పిల్లల వెంట తిరిగాను. దేశంలో ఒక గడువు అదే అర్ధరాత్రి దాటిపోయిందని ఎవరికి తెలుసు?

తర్వాత 2016 ఏప్రిల్ 8న కొత్త నియమాలు వచ్చాయి. లక్ష, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకి శుద్ధి కేంద్రాలు కట్టడానికి రెండేళ్ళు. చిన్న పట్టణాలకి మూడేళ్ళు. పాత చెత్త గుట్టల్ని తవ్వి శుభ్రం చెయ్యడానికో, మూసెయ్యడానికో ఐదేళ్ళు. రెండు లక్షలు దాటిన మా ఏలూరుకి ఆ లెక్కన 2018 ఏప్రిల్ గడువు. గుట్టలకి 2021 ఏప్రిల్. అది దాటిన ఆర్నెల్లకి, 2021 అక్టోబరు 1న స్వచ్ఛ భారత్ రెండో విడత మొదలైంది. చెత్త లేని నగరాలు అన్నది దాని లక్ష్యం, గడువు 2026.

మన రాష్ట్రంలో మధ్యలో ఇంకో కథ నడిచింది. చెత్తతో కరెంటు తీసే ప్లాంట్లు పది చోట్ల పెడతామని 2016 ప్రాంతంలో ఒప్పందాలు జరిగాయి. తాడేపల్లిగూడెం, మచిలీపట్నం ఆ పదిలో ఉన్నాయి. ఈ రెండూ వస్తే కొల్లేటికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళ చెత్తకి దారి దొరుకుతుందని మా ఆఫీసులో గోడ మీద మ్యాపు గీసి మరీ మాట్లాడుకునేవాళ్ళం. పదిలో పూర్తయినవి గుంటూరు, విశాఖ. అవీ 2020 దాటాకే. మిగతా చోట్ల గడువులు పెరిగి పెరిగి, చివరికి గడువు అడిగేవాళ్ళు కూడా లేకుండా పోయారు. 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి మచిలీపట్నంలో చెత్త పన్ను రద్దు ప్రకటించారు. రాష్ట్రంలో పేరుకున్న పాత చెత్త 85 లక్షల టన్నులని, ఏడాదిలోగా దాన్ని తొలగించాలని అక్కడే చెప్పారు.

ఈ తేదీలన్నీ కంప్యూటర్లో ఒక పేజీ మీద వరసగా పెట్టుకుని చూశాను. అన్నిటికీ చివర ఒకటే మాట, "లోగా". తెలుగులో ఈ మాట ఎంత చిన్నది! తేదీకి తోకలా అతుక్కుంటుంది. దాని అర్థం "ఆ తేదీ రాకముందే" అని. మన వాడుకలో మాత్రం "ఆ తేదీ దాకా అడక్కు" అని అర్థం వచ్చేసింది.

*

మాది ముదినేపల్లి మండలంలో ఒక ఊరు. గుడివాడకీ కైకలూరుకీ మధ్య. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. మా వైపు వచ్చినవాళ్ళు ముందు అడిగేది "ఇదంతా కొల్లేరేనా?" అని. కాదు, చేపల చెరువులు. ఒకప్పటి వరి చేలు. ఇప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తే నీళ్ళు, గట్టు, నీళ్ళు, గట్టు. గట్ల మీద కొబ్బరి చెట్లు, మేత బస్తాలు మోసే ట్రాక్టర్లు.

2016 నియమాల్లో చెత్త పూడ్చే స్థలం ఎక్కడ ఉండాలో కొలతలున్నాయి. నదికి 100 మీటర్లు, చెరువుకి 200 మీటర్లు, ఇళ్ళకీ రహదారికీ 200 మీటర్లు దూరం. ఇవి మంచి కొలతలే. కానీ మా మండలం మ్యాపు మీద కంపాస్‌తో గీసి చూడండి. చెరువుకి 200 మీటర్ల దూరంలో ఉన్న చోటు గీసిన గీతల మధ్య దొరికితే అది ఇంకో చెరువు అయ్యుంటుంది. మా ప్రాంతంలో "స్థలం దొరకలేదు" అని ఎవరైనా రాస్తే నేను నమ్ముతాను. స్థలం దొరకని చోట చెత్త ఎక్కడుంటుంది? మురుగు కాలవ గట్టు మీద.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మేం కింద ఉన్నాం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, పైనుంచి వచ్చే వాగులన్నీ కొల్లేట్లోకే వస్తాయి. కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. బుడమేరు విజయవాడని ఒరుసుకుని వస్తుంది. తమ్మిలేరు ఏలూరుని చుట్టుకుని వస్తుంది. 1999లో కొల్లేటిని అభయారణ్యం అన్నారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. 2006లో సరస్సు లోపలి చెరువుల గట్లు పేల్చారు. ఇవన్నీ కొల్లేటి లోపల ఏం చెయ్యకూడదో చెప్పిన సంగతులు. పై నుంచి ఏం రాకూడదో చెప్పిన నియమాలు మాత్రం "లోగా" దగ్గరే ఆగిపోయాయి.

మా ఊరి మంచినీళ్ళ చెరువు నింపేది కృష్ణా కాలవ నీళ్ళతో. ఆ కాలవలు బెజవాడ నడిబొడ్డులోంచి వస్తాయి. మా ఆఫీసు కిటికీలోంచి ఒక కాలవ కనిపించేది. టీ తాగుతూ వంతెన మీద నుంచి జనం పూజ సామాను కవర్లు, ఇంటి చెత్త సంచులు విసరడం రోజూ చూసేవాణ్ణి. ఆ నీళ్ళు ఎటు పోతాయో ఇంజినీరుగా తెలుసు. అవి వడపోతలు దాటుకుని మా అమ్మ బిందెలోకి చేరతాయని కొడుకుగా మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్‌కి పంపిన రక్తం నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు. పురుగుమందుల అవశేషాలనీ అన్నారు. నీళ్ళని అనుమానించారు, కూరగాయల్ని అనుమానించారు. ఆ వారంలో అమ్మ రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేది. నీళ్ళు కాచుకుని తాగుతున్నానంది. ఒకసారి ఉన్నట్టుండి, "ఒరేయ్, మీరు కట్టే చెత్త ఫ్యాక్టరీ ఎందాకా వచ్చింది?" అని అడిగింది.

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నాను.

నిజంగానే లేదు. ఏలూరు వేరు, మేం కట్టే పట్టణం వేరు, ఆ జబ్బు వేరు. కానీ అమ్మ అడిగింది ఆ లెక్క కాదు. మనుషులు ఎందుకు పడిపోతున్నారో తెలియని రోజున, తన కొడుకు చెయ్యాల్సిన పని ఏదో అయిందా లేదా అని అడిగింది. ఆ సాయంత్రం నా టేబుల్ మీద ఉన్నది నాలుగో ఉత్తరం. అదనపు భారం: లేదు.

మూడు నెలల తర్వాత మానేశాను. ఇందులో గొప్పేమీ లేదు. హైదరాబాదులో జీతం ఎక్కువ వచ్చే ఉద్యోగం దొరికింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లకి డ్రాయింగులు వేస్తాను. వాటిలోనూ చెట్లకి ఆకుపచ్చ రంగు వేస్తాను.

*

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. టీవీల్లో అందరూ చూసిందే. విజయవాడలో నీళ్ళు తీశాక టీవీలు వెళ్ళిపోయాయి. నీళ్ళు మాత్రం మా వైపు వచ్చాయి. మాకు పక్కనే ఉన్న నందివాడ మండలంలో మా మావయ్య ఆరెకరాల చెరువు లీజుకి చేస్తున్నాడు. శీలావతి, బొచ్చె. ఇంకో నెలలో పట్టుబడి. గట్టు తెగి, చేపలన్నీ వరదతో పాటు పోయాయి.

వరద తగ్గాక, ఏమైనా మిగిలాయేమో చూద్దామని వల లాగించాడు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఎనిమిది మంది వల లాక్కుంటూ వచ్చారు. వలలో పాల కవర్లు, షాంపూ ప్యాకెట్లు, చెప్పులు, మందుల స్ట్రిప్పులు, బిర్యానీ డబ్బాలు, ఒక పిల్లల నీళ్ళ సీసా. సీసా మీద బొమ్మ ఇంకా చెక్కు చెదరలేదు. నాలుగైదు చేపలు. కూలీల్లో ఒకతను పాల కవరు మీద మట్టి తుడిచి చదివి, "బెజవాడదేనండీ" అన్నాడు. ఎవరో నవ్వారు.

మావయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కొంచెంసేపటికి, "లీజు డబ్బు కట్టడానికి గడువు అడుగుదామా?" అన్నాను. ఊరికే, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నాకు ఎవడిస్తాడురా గడువు?" అన్నాడు. "చేప ఇస్తదా? పట్టుబడి రోజు దాటితే రోజుకింత మేత. ఐసు చెప్పాక, లారీ చెప్పాక ఆపితే డబ్బులు మనవే. మేత కొట్టువాడు వారానికోసారి వస్తాడు. గడువులన్నీ పెద్ద పనులకి రా. మా పనులకి తారీకులే ఉంటాయి."

ఆ రాత్రి బస్సులో హైదరాబాదు వస్తుంటే నాకు ఆ నాలుగు ఉత్తరాల్లో అబద్ధం ఎక్కడుందో దొరికింది. కారణాల్లో లేదు, చివరి కాలమ్‌లో ఉంది. ఒక పనికి ఏడాది గడువు పెంచితే, ఆ ఏడాది ఊరికే గాల్లోంచి రాదు. ఎవరో ఒకరు దాన్ని బతకాలి. ఆ ఏడాదంతా చెత్త వస్తూనే ఉంటుంది, వాన పడుతూనే ఉంటుంది, నీళ్ళు పల్లానికి పోతూనే ఉంటాయి. పైవాళ్ళు పొడిగించుకున్న కాలాన్ని కిందివాళ్ళు ఖర్చు పెడతారు. మావయ్య వలలో పడ్డది మా పట్టణం చెత్త కాదు, నాకు తెలుసు. అయినా ఆ వలని ఏ కాలమ్‌లో రాస్తారని ఆలోచిస్తే, "లేదు" అన్న మాట ఉన్న కాలమ్ తప్ప వేరేది కనపడలేదు.

*

మా ఊళ్ళో కూడా ఒక కేంద్రం ఉంది. గోడ మీద "చెత్త నుండి సంపద తయారీ కేంద్రం" అని ఆకుపచ్చ అక్షరాలు. ఉపాధి హామీ నిధులతో చాలా ఊళ్ళలో కట్టిన రేకుల షెడ్డు లాంటిదే. కట్టడానికి నాలుగు సంక్రాంతులు పట్టింది. ప్రతి సంక్రాంతికి వెళ్ళినప్పుడల్లా "వచ్చే పండక్కి మొదలవుద్ది" అనేవాళ్ళు. ఇప్పుడు షెడ్డుంది, వానపాముల ఎరువు తొట్లున్నాయి. వానపాములు లేవు.

షెడ్డు ఉన్నది మురుగు కాలవ అవతల, శ్మశానం పక్కన, మాల పల్లెని ఆనుకుని. మేం తయారుచేసే ప్రాజెక్టు రిపోర్టుల్లో "సమీప నివాసములు" అని ఒక కాలమ్ ఉండేది. అందులో దూరం మీటర్లలో రాసేవాళ్ళం. అవి ఎవరి నివాసాలో రాయడానికి కాలమ్ లేదు. నేను పనిచేసిన రోజుల్లో నాలుగైదు స్థలాలు చూశాను. ఎవరి నివాసాలో చూడకుండానే చెప్పగలిగేవాణ్ణి.

2025 సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఒక పొద్దున ఆ గట్టు మీద నడుస్తున్నాను. ఊళ్ళో చెత్త బండి తోలే ఆవిడ షెడ్డు ముందు కూర్చుని ఏరుతోంది. యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు మేం పిల్లలం కూడా ఆవిణ్ణి పేరు పెట్టి "నువ్వు" అని పిలిచేవాళ్ళం. మా అమ్మ ఇప్పటికీ అంతే. "ఏం అక్కా, పండగ రోజు కూడానా?" అన్నాను. "అక్కా" అన్నందుకు కాబోలు, ఓసారి తలెత్తి చూసింది.

"పండగ రోజే కదా బాబూ ఎక్కువొచ్చేది" అంది.

ఆవిడ చుట్టూ కుప్పలు. సీసాలు ఒక పక్క, అట్టపెట్టెలు ఒక పక్క, పాల కవర్లు ఒక సంచిలో. ఇవి పాత సామాన్లవాడు కొంటాడు. చెరువుల దగ్గర నుంచి వచ్చే మేత సంచులు చిరగకపోతే మంచి ధర. చెరువు మందుల డబ్బాలు కడిగితే చేతులు మండుతాయంది, అందుకని కడగదు. షాంపూ ప్యాకెట్లు ఎవరూ కొనరు. అన్నిటికన్నా పిల్లల డైపర్లు కష్టం, వాటిని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదంది. చేతులకి గ్లౌజులు లేవు. ఒక చేతికి మాత్రం పాల కవరు తొడుక్కుని రబ్బరు బ్యాండు వేసుకుంది.

ప్రొజెక్టర్ మీద చూపించడానికి నేను మూడు నెలలు కష్టపడి గీసిన షెడ్డు ఇదే కదా అనిపించింది. తడి ఒక పక్క, పొడి ఒక పక్క. ఆవిడ యంత్రాలు లేకుండా, డ్రాయింగు లేకుండా, ఎవరూ గడువు పెట్టకుండా, రోజూ పొద్దున ఆరింటికి మొదలెట్టి ఆ పనే చేస్తోంది.

"జీతం సరిగ్గా ఇస్తున్నారా?" అని అడిగాను.

"ఐదు నెల్లయింది పడి. బిల్లు పెట్టాం, త్వరలో పడుద్ది అంటారు. పదిహేను వేలు అప్పు తెచ్చా. నూటికి మూడు రూపాయల వడ్డీ." కొంచెం ఆగి, "నువ్వు ఆఫీసుల్లో కాయితాలు రాసేవాడివంట కదా. మీ అమ్మ చెప్పింది. నాకో అర్జీ రాసి పెట్టు బాబూ" అంది.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తీశాను. "పై విషయమును పురస్కరించుకొని" అని వేళ్ళు వాటంతటవే టైపు చేశాయి. తీసేశాను. ఆవిడ ఏం పని చేస్తుందో, ఎన్ని గంటలు చేస్తుందో, ఎన్ని నెలల జీతం రావాలో రాశాను. చివర, "కావున దయతో నా బకాయి జీతం త్వరగా ఇప్పించగలరని ప్రార్థన" అని ముగించాను. సాయంత్రం తీసుకెళ్ళి చదివి వినిపించాను.

మొత్తం విని, "ఎప్పటికి అని రాయలేదేంటి బాబూ?" అంది.

నాకు మాట రాలేదు. కాంట్రాక్టరు కోసం నాలుగుసార్లు రాసినప్పుడు నాలుగుసార్లూ తేదీ వేశాను. తేదీ లేని ఉత్తరం ఎవరూ తీసుకోరు కాబట్టి. ఈవిడకి రాసేసరికి "త్వరగా" అన్నాను, "ప్రార్థన" అన్నాను. గడువు అడగడం, గడువు పెట్టడం రెండూ ఒప్పందం ఉన్నవాళ్ళ భాష. ఆవిడకి ఉన్నది ఒప్పందం కాదు, "త్వరలో". ఆ తేడా ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఎవరూ నేర్పలేదు. నేనూ అడగలేదు.

ఇంటికెళ్ళి మార్చాను. "త్వరగా" కొట్టేసి "ఈ నెల 31వ తేదీలోగా" అని రాశాను. కింద ఒక చిన్న పట్టిక గీశాను. ఒకటే కాలమ్. ఆలస్యం వలన అర్జీదారుపై పడిన అదనపు భారం: అప్పు 15,000 రూపాయలు, వడ్డీ నెలకి 450 రూపాయలు. గ్లౌజులు లేకుండా పనిచేసిన రోజులు కూడా లెక్క వేద్దామనుకున్నాను. ఆవిణ్ణి అడిగితే నవ్వి, "అన్ని రోజులూ రాయి" అంది.

అర్జీలు తీసుకునే చోటికి ఆవిడతో పాటు నేనూ వెళ్ళాను. తీసుకున్నతను చదివి, "తేదీ మీరే వేస్తే ఎట్లా అండీ? ‘త్వరితగతిన’ అని రాయండి, చాలు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను మార్చలేదు. అతను రసీదు ఇచ్చాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది.

31 వెళ్ళిపోయింది. ఫిబ్రవరి చివర్లో అమ్మ ఫోన్ చేసి చెప్పింది, రెండు నెలల జీతం పడిందని. మిగతా మూడు నెలలదీ బిల్లు పెట్టారట, త్వరలో పడుతుందట. ఆవిడ ఆ రెండు నెలల డబ్బూ వడ్డీ వ్యాపారికి ఇచ్చేసి, పొద్దున్నే బండి తోలుకుంటూ మా గుమ్మం ముందు ఆగి, నా గురించి అడిగిందట.

"ఏమంది?" అన్నాను.

"ఇంకో కాయితం రాసి పంపమంది. ఈసారి ఏ తారీకు వేస్తావో ముందు తనకి చెప్పమంది."